చిన్న కమతాల నుంచి వంటిళ్ల దాకా: ఫుడ్ హబ్ నడపడంపై తరచుగా అడిగే ప్రశ్నలు

ఫుడ్ హబ్ అంటే ఏమిటి? టోకు వ్యాపారి చేసేదీ ఇదే కదా?

చుట్టుపక్కల చిన్న రైతులు పండించినదాన్ని ఒకచోటికి చేర్చి, తూచి, నాణ్యతను బట్టి రకాలుగా వేరుచేసి (గ్రేడింగ్), ఆర్డర్ల ప్రకారం ఇళ్లకో హోటళ్లకో బడి వంటశాలలకో పంపే కేంద్రం ఇది. పైకి టోకు వ్యాపారంలాగే కనిపిస్తుంది. తేడా రెండు చోట్ల ఉంది. సరుకు మీద రైతు పేరు చివరిదాకా ఉంటుంది, తినేవాళ్లకు అది ఏ పొలంలోదో తెలుస్తుంది. రైతుకు ఎంత ముట్టింది, హబ్ ఎంత ఉంచుకుంది అన్న లెక్క అందరికీ కనబడుతుంది. ఈ రెండింట్లో ఏది వదిలేసినా మీరు పెట్టింది మరో కూరగాయల దుకాణమే.

ఎంతమంది రైతులతో, ఎన్ని ఇళ్లతో మొదలుపెట్టాలి?

ముందు ఇళ్ల లెక్క వేసుకోండి, తర్వాత పొలాల లెక్క. వారానికి 40 ఇళ్లు, ఇంటికి సగటున 5 కిలోలు అంటే 200 కిలోలు. దానికి ఆరుగురు నుంచి ఎనిమిది మంది రైతులు చాలు. రోజూ వండుకునే ప్రతి రకాన్నీ కనీసం ఇద్దరు పండిస్తుండాలి. ఒకరి చేలో తెగులు పడితే రెండోవారు ఆదుకుంటారు.

ఉత్సాహంలో 20 మందిని చేర్చుకుని ఒక్కొక్కరి దగ్గర 10 కిలోలే కొంటే బండి కిరాయి కూడా రాక రైతులు రెండో నెలలోనే మానేస్తారు. చేర్చుకునే ముందే ఒక్క ప్రశ్న అడగండి: "ఇక్కడిదాకా ఒకసారి రావాలంటే ఎంత సరుకు పోతే మీకు గిట్టుతుంది?" ఆ సంఖ్య రాసుకోండి. అంతకు తగ్గకుండా కొనగలిగినంత మందినే తీసుకోండి. మిగతావారికి కాదని చెప్పడం కష్టంగానే ఉంటుంది, కానీ ఆశపెట్టి కొనకపోవడం అంతకంటే పెద్ద అన్యాయం.

వారం క్రమం ఎలా ఉండాలి?

అమ్ముడయ్యాకే కోయాలి. హబ్ మొత్తం ఈ ఒక్క సూత్రం మీద నిలబడుతుంది. కోసి తెచ్చాక కొనేవాళ్లను వెతుక్కుంటే వాడిపోయేదాని ఖర్చు రైతు మీదో మీ మీదో పడుతుంది. శుక్రవారం పంపిణీ అనుకుంటే క్రమం ఇలా ఉంటుంది.

- ఆదివారం సాయంత్రానికి ఏ రకం ఎంత ఉంటుందో రైతులు చెప్తారు.
- సోమవారం ఉదయం జాబితా కస్టమర్లకు వెళ్తుంది.
- బుధవారం మధ్యాహ్నం 12 గంటలకు ఆర్డర్లు ఆగిపోతాయి.
- అదేరోజు 3 గంటల లోపు ఒక్కో రైతుకీ ఏది ఎంత కోయాలో మెసేజ్ వెళ్తుంది. తిరిగి "సరే" అని వచ్చేదాకా అది ఖరారు కానట్టే. రాకపోతే ఫోన్ చేయండి.
- గురువారం దుంపలు, గుమ్మడి లాంటి గట్టి రకాలు, శుక్రవారం తెల్లవారుజామున ఆకుకూరలు కోస్తారు.
- శుక్రవారం ఉదయం 6 నుంచి 8 దాకా సరుకు దిగుతుంది, మధ్యాహ్నానికి ప్యాకింగ్ అయిపోతుంది, సాయంత్రం 4 నుంచి 7 దాకా పంపిణీ.

12 గంటలంటే 12 గంటలే. 1 గంటకు ఎవరో "ఇంకో రెండు కిలోలు కలపండి" అంటే కలపడం తేలికే అనిపిస్తుంది. ఆ రెండు కిలోల కోసం రైతు కోత చీటీ, ప్యాకింగ్ చీటీ, బిల్లు, మూడూ మారాలి. మూడింట్లో ఒకటి మరిచిపోతారు. శుక్రవారం మధ్యాహ్నం బల్ల దగ్గర గొడవ అక్కడే పుడుతుంది.

రైతు చెప్పిన 50 కిలోలకు 38 కిలోలే వస్తే?

ఇది తరచూ జరుగుతుంది. నిలబడి ఉన్న పంటను చూసి అంచనా వేసేటప్పుడు గ్రేడింగ్‌లో పక్కకు పోయేది లెక్కలోకి రాదు. కొత్త రైతు 50 అంటే జాబితాలో 40 మాత్రమే పెట్టండి. నాలుగైదు వారాలు చెప్పినదీ వచ్చినదీ పక్కపక్కన రాస్తే ఎవరి అంచనా ఎంత దగ్గరో తెలుస్తుంది. దాన్ని బట్టి ఒక్కొక్కరు చెప్పినదాంట్లో ఎంత తగ్గించి జాబితాలో పెట్టాలో నిర్ణయించుకోవచ్చు.

ఇంకా తక్కువ పడితే ఎవరి ఆర్డరు ముందు వచ్చిందో వారికి ముందు ఇవ్వండి, మిగతావారికి ఆ వస్తువు డబ్బు వెనక్కి వేయండి. బదులు మరో కూర వేయాలంటే ఆర్డరు పెట్టేటప్పుడే "లేకపోతే బదులు పంపొచ్చా?" అని అడిగి ఉండాలి. అడక్కుండా బీన్స్ బదులు వంకాయ పంపితే ఆ ఇల్లు మళ్లీ ఆర్డరు పెట్టకపోవచ్చు.

హబ్ వాటా ఎంత పెట్టాలి? ధర ఎలా కట్టాలి?

చాలా హబ్‌లు కొనేవాళ్లు లేక కాదు, ఇక్కడి లెక్క తప్పి మూతపడతాయి. రైతుకు ఇచ్చేది 100 అనుకోండి. దానికి 25 కలిపి 125కి అమ్మితే అమ్మకంలో 25 శాతం మిగులుతుందని అనుకుంటారు. 125లో 25 అంటే 20 శాతమే. అందులోనూ తరుగు ఉంది. నీరు ఆరి తగ్గే బరువు, నలిగినవి, తిరిగి ఇచ్చిన డబ్బు కలిపి సరుకులో 5 శాతం పోయిందనుకుంటే చేతికి వచ్చేది 118.75. రైతుకు 100 పోగా మిగిలింది 18.75, అంటే అమ్మకంలో దాదాపు 16 శాతం.

నిజంగా 25 శాతం కావాలంటే తలకిందులుగా లెక్క కట్టాలి. 100ను 0.75తో భాగిస్తే 133.3. దాన్ని 0.95తో భాగిస్తే 140.3. జాబితాలో పెట్టాల్సిన ధర అది. తరుగు అన్ని రకాలకూ ఒకటి కాదు కాబట్టి ఉల్లికి ఒక సంఖ్య, ఆకుకూరకు మరో సంఖ్య పెట్టుకోండి. మొదటి మూడు నెలల్లో పారేసిన ప్రతి కిలోనూ రాసి ఉంచితే ఆ సంఖ్యలు మీ పుస్తకం నుంచే వస్తాయి.

ఇక స్థిర ఖర్చు. అద్దె, కరెంటు, జీతాలు కలిపి వారానికి 1,000 అనుకుందాం. సగటు ఆర్డరు విలువ 40 అయితే 25 శాతం చొప్పున హబ్ వాటా 10. సంచి, చేరవేత, చెల్లింపు రుసుము కింద 4 పోతే మిగిలేది 6. ఖర్చు గట్టెక్కాలంటే 167 ఆర్డర్లు కావాలి. అదే సగటు ఆర్డరు 60 అయితే వాటా 15, పోయేది 5, మిగిలేది 10. అప్పుడు 100 ఆర్డర్లు చాలు. కొత్త ఇళ్ల కోసం పరుగెత్తేకన్నా ఉన్న ఇళ్లకు గుడ్లు, పప్పులు, పిండి, తేనె లాంటి నిలవ సరుకు కూడా అదే సంచిలో చేర్చడం మేలని ఈ లెక్కే చెబుతుంది. కనీస ఆర్డరు పరిమితి పెట్టడానికి మొహమాటపడొద్దు.

రైతుకు ఇచ్చే ధరను ఆ రోజు టోకు రేటుకు కట్టేయకండి. రేటు పడిపోయినప్పుడు మీరు తగ్గిస్తే, పెరిగినప్పుడు రైతులు సరుకు టోకు మార్కెట్‌కే పంపుతారు. అది న్యాయమే. విత్తనం, కూలి, నీరు, రవాణా, రైతు సొంత శ్రమ కూడా కలిపి లెక్క చూసి, సీజన్ మొత్తానికి ఒక ధర ఇద్దరూ కూర్చుని ఒప్పుకోండి. రైతు ఇంటివాళ్ల పనికి కూలి లెక్క కట్టకపోవడం దాదాపు ప్రతి చోటా జరిగే తప్పు. మీరే గుర్తు చేయాలి.

రైతుకు డబ్బు ఎప్పుడు ఇవ్వాలి?

సరుకు దింపిన 7 రోజుల్లో, చెప్పిన వారం, చెప్పిన రోజు. ఇళ్లవాళ్లు ఆర్డరు పెట్టేటప్పుడే కడితే ఇది సాధ్యమే. రైతుల వాటాను వేరే బ్యాంకు ఖాతాలో ఉంచండి. ఒకే ఖాతాలో ఉంటే అద్దె కట్టే రోజున అది మీ డబ్బులాగే కనబడుతుంది.

హోటళ్లు, క్యాంటీన్ల దగ్గర జాగ్రత్త. వారు 30 రోజుల అప్పు అడుగుతారు. మీరు రైతుకు 7 రోజుల్లో ఇస్తుంటే 23 రోజుల కొనుగోలు, అంటే మూడు వారాలకు మించిన సరుకు డబ్బు మీ జేబులోంచి ఇరుక్కుని ఉంటుంది. అంత పెట్టుబడి చేతిలో ఉంటేనే ఒప్పుకోండి. వారి చెల్లింపు ఆలస్యాన్ని రైతు మీదికి తోస్తే మీరు ఎవరికోసం హబ్ పెట్టారో వారినే ముంచినట్టు. గేటు దగ్గర తూచి రసీదు ఇచ్చిన క్షణం నుంచి ఆ సరుకు నష్టం హబ్‌దే. ఈ మాట ఒప్పందంలో రాసి ఉండాలి.

గేటు దగ్గర సరుకు దింపుకునేటప్పుడు ఏమేం చూడాలి?

ముందు కాటా. ప్రతి ఉదయం 5 కిలోల తూకం రాయి పెట్టి చూడండి, తర్వాత 20 కిలోలు పెట్టి చూడండి. చిన్న బరువు దగ్గర సరిగ్గా చూపి పెద్ద బరువు దగ్గర తప్పే కాటాలు ఉంటాయి.

తర్వాత ఖాళీ క్రేటు బరువు. ఒక్కో క్రేటు 1.8 కిలోలు ఉండి, దాన్ని తీసేయడం మరిచిపోతే 20 క్రేట్లకు 36 కిలోలు తేడా వస్తుంది. తడిసిన క్రేటు ఇంకా బరువు. అన్నీ ఒకే రకం క్రేట్లు వాడి, ఖాళీ బరువు క్రేటు పక్కనే మార్కర్‌తో రాయండి. కాటా ముఖం రైతుకు కనబడేలా తిప్పి ఉంచండి.

ఆకుకూరల క్రేటులో పైపొరను చూసి సంతృప్తిపడకండి. చెయ్యి మధ్యదాకా దింపండి. వెచ్చగా తగిలితే లోపల ఉడుకు మొదలైనట్టే. పుల్ల థర్మామీటర్ గుచ్చి సంఖ్య రసీదు మీద రాయండి. అడుగు పొరలోంచి రెండు కట్టలు పైకి తీసి చూడండి. ఒకరి క్రేటుకే కాదు, అందరి క్రేట్లకూ ఇదే చేస్తే ఎవరూ అవమానంగా తీసుకోరు.

చివరికి చీటీ. "07-1603-టమాటా" అంటే ఏడో నంబరు రైతు, మార్చి 16న కోసింది. రసీదు రెండు కాపీలు, రెండు సంతకాలు. కాదన్న సరుకు బరువు, కారణం అక్కడే రాసి ఆ క్రేటు రైతు బండిలోనే వెనక్కి పంపండి. రైతు వెళ్లిపోయాక సాయంత్రం ఫోన్ చేసి "మీది 6 కిలోలు పాడైంది" అంటే నమ్మకం మిగలదు.

ఆకుకూరలు ఇళ్లకు చేరేసరికే వాడిపోతున్నాయి. ఎందుకు?

కోసిన ఆకు ఇంకా ఊపిరి తీస్తూనే ఉంటుంది. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే ఆ వేగం రెండు మూడు రెట్లవుతుంది. 30 డిగ్రీల ఎండలో రెండు గంటలు ఉన్న కట్ట, చల్లటి గదిలో ఒక రోజంతా ఉన్నంత ముసలిదవుతుంది. తర్వాత ఎంత చల్లబెట్టినా పోయిన ఆయుష్షు తిరిగిరాదు. కాబట్టి జాగ్రత్త పొలంలోనే మొదలవ్వాలి. సూర్యోదయానికి ముందు కోత మొదలుపెట్టి వెంటనే నీడకు చేర్చాలి, గాలాడే క్రేటులో వేసి పైన తడిగుడ్డ కప్పాలి. వేడిగా ఉన్న ఆకును ప్లాస్టిక్ సంచిలో మూటకడితే లోపల చెమట పట్టి కుళ్లుతుంది.

హబ్‌లో చల్లగది ఉన్నా క్రేట్లను గోడకు ఆనించి గుట్టగా పేరిస్తే మధ్య క్రేట్లు గంటల తరబడి వెచ్చగానే ఉంటాయి. క్రేట్లను రెండు వరుసలుగా, మధ్యలో సందు వదిలి పేర్చండి. సందు పైభాగాన్నీ వెనక చివరనూ టార్పాలిన్‌తో మూసి, ముందు చివర ఫ్యాన్‌ను సందులోని గాలి బయటికి లాగేలా పెట్టండి. చల్లగాలి క్రేట్ల రంధ్రాల గుండానే రావాల్సి వస్తుంది కాబట్టి మామూలుకన్నా ఎన్నో రెట్లు త్వరగా చల్లబడతాయి. చల్లగది లేకపోతే తడి గోనె, ఫ్యాన్ పద్ధతి పొడి వాతావరణంలో బాగా పనిచేస్తుంది. గాలిలో తేమ ఎక్కువున్న రోజుల్లో దాని మీద ఆశ పెట్టుకోవద్దు.

అన్నీ ఒకే చల్లగదిలో పెట్టొచ్చా?

పెట్టకూడదు. ఆకుకూరలు, క్యారెట్, క్యాబేజీలకు 0 నుంచి 4 డిగ్రీలు, ఎక్కువ తేమ కావాలి. దోస, వంకాయ, టమాటా, అరటి లాంటివాటికి 10 నుంచి 14 డిగ్రీలు. అంతకంటే చల్లగా ఉంటే దోస మీద గుంటలు పడతాయి, అరటి తొక్క నల్లబడుతుంది, టమాటా రుచి పోతుంది. ఈ దెబ్బ గదిలో కనబడదు, ఇంటికెళ్లిన మర్నాడు బయటపడుతుంది. అందుకే తప్పు రైతుదనుకుంటారు. ఉల్లి, వెల్లుల్లికి తేమ లేని గాలి కావాలి. బంగాళాదుంపకు చీకటి తప్పనిసరి, వెలుగు తగిలితే పచ్చబడి చేదెక్కుతుంది. 4 డిగ్రీల కంటే చల్లబడితే పిండి చక్కెరగా మారి వేయించినప్పుడు నల్లగా మాడుతుంది.

పండే అరటి, ఆపిల్, ఎర్రబడిన టమాటా ఎథిలీన్ అనే వాయువు వదులుతాయి. పక్కన ఆకుకూర ఉంటే పసుపెక్కుతుంది, క్యారెట్ చేదెక్కుతుంది. రెండు గదులు లేకపోతే ఒక గదిని 4 డిగ్రీల దగ్గర ఆకులకు ఉంచి, మిగతావన్నీ నీడలో గాలి తగిలే చోట పెట్టి అదేరోజు పంపేయండి.

కూరగాయలు కడిగి పంపాలా?

ఉల్లి, బంగాళాదుంపలను వద్దు, మట్టి దులిపితే చాలు. ఆకులు, వేరు కూరలు కడిగితే చివరి నీళ్లు తాగదగినవై ఉండాలి. ఒకే తొట్టి నీళ్లను మార్చకుండా వాడితే ఒక కట్ట మీది మురికి వంద కట్టలకు అంటుతుంది. టమాటాలను వాటికంటే చల్లటి నీళ్లలో ముంచితే లోపలి గాలి ముడుచుకుని తొడిమ దగ్గర నుంచి నీటిని లోపలికి పీలుస్తాయి. నీటిలోని క్రిములూ లోపలికి పోతాయి. నీరు కాయ కంటే 5 డిగ్రీలు వెచ్చగా ఉండాలి, లేదా తడిగుడ్డతో తుడిచి సరిపెట్టండి.

గ్రేడింగ్ దగ్గర రైతులతో మాటామాటా పెరుగుతోంది. ఏం చేయాలి?

సీజన్ మొదలు కాకముందే రైతులందరినీ కూర్చోబెట్టి, నిజం కాయలు బల్ల మీద పెట్టి మొదటి రకం ఏది, రెండో రకం ఏది, తీసుకోనిది ఏది అని తేల్చుకోండి. ఫోటోలు తీసి పెద్దగా ప్రింటు వేసి కాటా పైన అంటించండి. వంకర దోస, మచ్చ ఉన్న టమాటా వంటకు బాగానే పనికొస్తాయి. తక్కువ ధరకు "వంట రకం" అని విడిగా అమ్మండి. ఇక్కడ వేలు చూపించి మాట్లాడాల్సింది ఫోటో వైపు, మనిషి వైపు కాదు.

సేంద్రియమని రాయొచ్చా?

ధ్రువీకరణ ఉన్న పొలానికే రాయండి. లేనివాటికి మీకు తెలిసింది తెలిసినట్టు రాయండి: ఏం చల్లారు, చివరిసారి ఎప్పుడు చల్లారు, ఎరువు ఏమిటి. రైతులు, కొనేవాళ్లు కలిసి పొలాలు తనిఖీ చేసే భాగస్వామ్య హామీ పద్ధతి చాలా దేశాల్లో ఉంది. చిన్న కమతాలకు అది ఖర్చు తక్కువ దారి.

సాఫ్ట్‌వేర్ కావాలా?

వారానికి 50 ఆర్డర్ల దాకా స్ప్రెడ్‌షీట్ సరిపోతుంది. ఆ తర్వాత చేతిరాత మార్పిళ్లలో తప్పులు పెరుగుతాయి. ఆస్ట్రేలియాలో మొదలైన ఓపెన్ ఫుడ్ నెట్‌వర్క్ ఇలాంటి హబ్‌ల కోసమే చేసిన ఓపెన్ సోర్స్ వేదిక. ఏది తీసుకున్నా మూడు విషయాలు చూడండి: సరుకు అయిపోగానే ఆర్డరు తీసుకోవడం ఆపుతుందా, రైతువారీ కోత చీటీ ఇస్తుందా, ఇంటివారీ ప్యాకింగ్ చీటీ ఇస్తుందా.

ప్యాకింగ్‌లో తప్పులు ఎలా తగ్గించాలి?

చీటీ పట్టుకుని ఒక్కో సంచి పూర్తిచేసే పద్ధతి 20 ఆర్డర్ల దాకా పర్వాలేదు. అంతకు మించితే సంచులన్నీ వరుసగా తెరిచి పెట్టి, ఒక్కో రకం చేతిలో పట్టుకుని వరుస వెంట నడుస్తూ వేయండి. ఆ రకానికి సరిగ్గా ఎన్ని కావాలో ముందే లెక్కపెట్టి క్రేటులో తీసుకోండి. వరుస చివర చేరేసరికి క్రేటు ఖాళీ కావాలి. ఒక పాలకూర కట్ట మిగిలిందంటే ఎవరి సంచిలోనో తక్కువ పడిందన్నమాట. అక్కడే ఆగి వెతకండి, తర్వాతి రకానికి పోవద్దు. దుంపలు, గుమ్మడి ముందు, ఆకులు, టమాటా చివర. వేసినవారు కాకుండా ఇంకొకరు చీటీతో సరిచూసి సంచి కట్టాలి.

ఇంటికి చేర్చాలా, పికప్ పాయింటు పెట్టాలా?

మొదట పికప్ పాయింటే. ఒకచోట 20 సంచులు దింపడానికి పట్టే సమయంలో ఇంటింటికీ తిరిగితే నాలుగైదు ఇళ్లు దాటవు. ఇంటికి చేర్చాల్సి వస్తే దగ్గర దగ్గర ఇళ్లకే పరిమితం చేసి, రుసుము ధరలో కలపకుండా విడిగా తీసుకోండి. తీసుకోని సంచి ఏమవుతుందో ముందే చెప్పండి.

వారవారం ఒకే ధరకు చందా బుట్ట మంచిదేనా?

రైతుకు చాలా మంచిది. ముందే డబ్బు, ముందే లెక్క. జపాన్‌లో 1970ల నుంచి తేయికేయి పేరుతో, అమెరికాలో 1986 నుంచి సీఎస్‌ఏ (కమ్యూనిటీ సపోర్టెడ్ అగ్రికల్చర్) పేరుతో ఇదే తరహా ఒప్పందం నడుస్తోంది. ఇళ్లవాళ్లు మానేసేది ఎక్కువగా ఒకే కారణంతో, వరుసగా మూడు వారాలు అదే కూర. బుట్టలో 8 రకాలుంటే 5 మీరు నిర్ణయించి, 3 వారిని ఎంచుకోనివ్వండి.

దీనికి విత్తే లెక్క వెనక నుంచి కట్టాలి. వారానికి 60 కట్టలు కావాలంటే 75కి విత్తించండి, మొలకలో పోయేవి, గ్రేడింగ్‌లో పోయేవి ఉంటాయి. ఒకేసారి అంతా విత్తితే ఒకేసారి చేతికొస్తుంది. త్వరగా చేతికొచ్చే ఆకుకూరలను 7 నుంచి 10 రోజులకోసారి ఇద్దరు రైతులు వంతులవారీగా విత్తేలా క్యాలెండర్ కలిసి రాసుకోండి.

ఎవరైనా తిని అస్వస్థులయ్యామని ఫోన్ చేస్తే?

ఏ రోజు, ఏ వస్తువు, ఎవరెవరు తిన్నారు అని వాదించకుండా రాసుకోండి. ఆ చీటీ నంబరుతో ఏ పొలం నుంచి వచ్చింది, ఇంకా ఏయే ఇళ్లకు వెళ్లింది అన్నది రెండు గంటల్లో తేలాలి. మిగిలిన స్టాకు పక్కన పెట్టి ఆ ఇళ్లన్నింటికీ ఫోన్ చేయండి, మీ ప్రాంతపు ఆహార భద్రతా అధికారులకు తెలియజేయండి. ఆరు నెలలకోసారి ఏదో ఒక పాత చీటీ తీసి ఇదంతా ఉత్తుత్తిగా చేసి చూడండి. ఎక్కడ చీటీ లేకుండా క్రేట్లు కలిపేస్తున్నారో అప్పుడు బయటపడుతుంది.

హబ్ ద్వారా పరిచయమైన ఇళ్లకు రైతు నేరుగా అమ్ముకుంటే అడ్డుకోవాలా?

వద్దు. రైతు పేరు సంచి మీద వేసింది మీరే. నేరుగా అమ్మితే హబ్ జాబితా ధరకన్నా తక్కువకు అమ్మకూడదు, ఇస్తానన్న సరుకు ముందు హబ్‌కి ఇవ్వాలి, ఈ రెండు మాటలు ఒప్పందంలో ఉంటే చాలు. సాధారణంగా ఇళ్లవాళ్లు ఒక్క రైతు దగ్గరికి టమాటాల కోసం వెళ్లినా మిగతా పది రకాలకు హబ్‌కే వస్తారు.